ఒంటిపలక గోడ

ఆ గోడ కట్టింది నేనే. ఇటుకల గోడ కాదు, చెక్క గోడ. మా అమ్మాయి చదివే బడిలో సామాన్ల గది ఒకటి ఉండేది. దాన్ని రెండు చేసి, ముందు సగం ఓదార్పమ్మకి ఇవ్వాలని సంఘం అనుకుంది. వెనక సగంలో విరిగిన బల్లలు, కాళ్ళూడిన కుర్చీలు ఎప్పట్లాగే ఉంటాయి. మధ్యలో అడ్డుగోడ నా వంతు.

ఓదార్పమ్మ అన్నది మేం పెట్టుకున్న పేరు. ఆవిడ ఉద్యోగాన్ని చాప్లెయిన్ అంటారు. ప్రార్థన మందిరం వాళ్ళు పంపారు. అంతకుముందు ముప్ఫయ్యేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. బడిలో పాఠం చెప్పదు, మతం బోధించదు, బెత్తం పట్టదు. గదిలో కూర్చుంటుంది. మనసు బాగోలేని పిల్లలు తలుపు కొడితే రమ్మంటుంది. వాళ్ళు చెప్పింది వింటుంది. చెప్పకపోతే ఊరికే కూర్చోనిస్తుంది. విన్నది గుమ్మం దాటనివ్వదు. చాప్లెయిన్ అనే మాట మా నోళ్ళకి లొంగలేదు. సెలూన్ బావ మొదటి రోజే ఓదార్పమ్మ అన్నాడు, అదే నిలిచింది. సెలూన్ బావ నాకు బావ కాడు. గడ్డం గీయించుకునే ప్రతివాడికీ బావే.

ఆవిడకి పైనుంచి జీతం రాదు. ఉండాలంటే మా పేటే ఉంచుకోవాలి. సగం మందిరం ఇస్తానంది. మిగతా సగం కోసం బడి పెద్ద టీచరు ఇల్లిల్లూ తిరిగింది. రొట్టెల కొట్టు నడిపే వదిన, ఆవిడా పేటంతటికీ వదినే, శుక్రవారం సాయంత్రం బేరం ఇస్తానంది. సెలూన్ బావ నెలకొక ఆదివారం కత్తెర మీద వచ్చింది ఇస్తానన్నాడు. కొందరు తల్లిదండ్రులు శనివారాలు బడి ఆవరణలో స్కూటర్లూ కార్లూ కడిగి వచ్చిన డబ్బిస్తామన్నారు. ఇలా ఏదో ఒకటి ఇచ్చేవాళ్ళం ఏడుగురం కలిసి సంఘం. నేను డబ్బివ్వనన్నాను, చెక్క, చెయ్యి ఇస్తానన్నాను. అదైనా పెద్ద టీచరు మా పాకలోకి వచ్చి, రంపపు పొట్టులో నిలబడి, మీ అమ్మాయి ఏడు నెలలుగా బళ్ళో నోరు విప్పడం లేదు మేస్త్రీ అని చెప్పినందుకు.

నాకా ఏర్పాటు మొదట్నుంచీ నచ్చలేదు. ఓదార్చడానికి మనిషిని పెట్టుకోవడం ఏమిటి? మా పల్లెటూరి బళ్ళో ఏడుపొస్తే గోడ చాటుకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చునేవాళ్ళం. మాస్టారి కంట పడితే ఇంకో రెండు వడ్డించేవాడు. అయినా బతికాం. అలాగే అన్నాను పెద్ద టీచరుతో. ఆవిడ నా మొహం కేసి చూసి, ఎలా బతికారో కనపడుతూనే ఉంది అంది.

అలాంటి గోడకి ఒక పద్ధతుంది. నిలువు చట్రం నిలబెట్టి, ఇటు పలకలు కొట్టి, అటు పలకలు కొట్టి, మధ్య సందులో దూదో పీచో కూరాలి. అప్పుడే మాట దాటదు. నేను ముందువైపు పలకలు కొట్టాను. చిత్రిక పట్టి, అద్దంలా నునుపు చేసి, రంగు వేశాను. వెనకవైపు ఏమీ వెయ్యలేదు. చట్రం బోసిగా వదిలేశాను. పాడు సామాన్ల గదిలోకి ఎవరు తొంగిచూస్తారు? ఊరికే వచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టరు. సంఘం వాళ్ళు వచ్చి ముందువైపు నిమిరి చూసుకుని, పనంటే మీదే మేస్త్రీ అన్నారు. పెద్ద టీచరు ఒక్కతే అడిగింది, లోపలి మాట అవతలికి వినపడదు కదా అని.

"గోడండీ అది, చెవి కాదు" అన్నాను.

అందరూ నవ్వారు. నేను అన్న మాటకి మనుషులు నవ్వి అప్పటికి చాలా కాలమైంది.

మా ఆవిడ పోయింది అంతకుముందు చలికాలంలో. ఏడాది మంచం మీద ఉంది. పోయిన రోజు మధ్యాహ్నం నేను ఇంటి వెనక పాకలో ఒక తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నాను. పిలిచిందేమో, చిత్రిక చప్పుడులో నాకు వినపడలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పాను. మా అక్క ఊరుకోక, ఇంట్లో ఇంకెవరూ లేరా తమ్ముడూ అని అడిగింది. పిల్ల ఉంది, పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది, దానికీ వినపడలేదు అన్నాను. గదిలో ఉన్న కళ్ళన్నీ పిల్ల వైపు తిరిగాయి. అది తల వంచుకుంది. నా మీంచి చూపులు తప్పినందుకు నాకు కాస్త ఊపిరాడింది. అప్పుడు దానికి పదమూడేళ్ళు.

బడి తెరిచిన రెండో వారం నుంచి వాన పట్టుకుంది. ఆ వానల్లోనే అమ్మాయి ఓదార్పమ్మ గదికి వెళ్ళడం మొదలుపెట్టింది. నాకు చెప్పలేదు. ఇంట్లో తేడా కనిపించింది. వంట చేస్తూ సన్నగా కూనిరాగం తీసేది. ఒకరోజు కంచంలో రెండోసారి వడ్డించుకుంది. ఇంకోరోజు మా ఆవిడ దువ్వెన తీసి, కడిగి, దానితో తల దువ్వుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. సంతోషపడ్డానని రాయను. నా ఇంట్లో బిగిసిపోయిన తలుపుని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తీస్తోంది. వడ్రంగిని నేను.

ఆవిడ ఒకసారి మా పాకకి వచ్చింది, పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక అలమర చెక్క కావాలని. పొట్టిగా, లావుగా, మోకాళ్ళ నొప్పితో ఒక పక్కకి ఒరిగి నడిచేది. చెక్క చూసి, మీ అమ్మాయి మీ చేతిపని గురించి గొప్పగా చెబుతుంది మేస్త్రీ అంది. ఇంకేం చెబుతుంది అని అడిగాను.

"అది తననే అడగండి" అంది.

అడగలేదు. ఆవిడ మీద మాత్రం కారాలు మిరియాలు నూరాను. నా చెక్కతో చేసిన గదిలో కూర్చుని, నా పిల్ల సంగతి నాకే చెప్పదట. ఇలా అనుకున్నది నేనొక్కణ్ణే కాదు. నెలాఖరు సమావేశంలో వదిన, ఎంతమంది వస్తున్నారమ్మా, ఏ ఇళ్ళ పిల్లలు, మేం ఇస్తున్నాం కదా, మాకు తెలియాలి కదా అంది. ఓదార్పమ్మ ఈ నెల ఇరవై ఆరుసార్లు తలుపు చప్పుడైంది అని చెప్పింది. ఎవరు కొట్టారు అని వదిన అడిగితే, గాలి కూడా కొట్టి ఉండొచ్చు అంది. సెలూన్ బావ ఒక్కడే పగలబడి నవ్వాడు.

వానాకాలం నడిమిలో బడివాళ్ళు విరిగిన బల్లలు బాగుచెయ్యమన్నారు. అది కూలి పనే. సామాన్ల గదికి పెరటి వైపు వేరే తలుపుంది. నేను అటు నుంచి వచ్చి అటే వెళ్ళేవాణ్ణి. పై రేకుల మీద వాన మోత. మొదటి రెండు రోజులు ఏమీ వినపడలేదు. మూడో రోజు వాన తగ్గాక పలక అవతల నుంచి ఒక పిల్ల గొంతు వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంటే నవ్వుతున్నారని ఏడుస్తోంది. పక్కనే కూర్చుని చెప్పినట్టుంది. నా ఒంటిపలక గోడ నాకు గుర్తొచ్చింది.

పెద్ద టీచరుకి చెప్పి ఆ పూటే రెండో పలక కొట్టాల్సింది. పని చేసుకుంటున్నవాణ్ణి, చెవులు మూసుకుంటానా అనుకున్నాను. మర్నాడు ముక్కాలి పీట కిటికీ దగ్గర్నుంచి తీసి గోడ పక్కన వేసుకున్నాను.

ఆ బుధవారం మధ్యాహ్నం పూర్తిగా తెరిపి ఇచ్చింది. నేను కిటికీ మూల ఒక బల్ల పైచెక్కకి చిత్రిక పడుతున్నాను. అవతల తలుపు చప్పుడైంది. రా అమ్మా అని ఓదార్పమ్మ గొంతు. తర్వాత మా అమ్మాయి గొంతు.

నేను చిత్రిక ఆపి, వెళ్ళి పీట మీద కూర్చున్నాను.

చాలాసేపు ఏదో లెక్కల పరీక్ష గురించి చెప్పింది. తర్వాత మాట ఆగిపోయింది. ఓదార్పమ్మ తొందరపెట్టలేదు. కుర్చీ ఒకటి కిర్రుమంది. ఆ కుర్చీ కాలు కూడా నేను బిగించిందే.

"అమ్మ రెండుసార్లు పిలిచింది" అంది అమ్మాయి. "ఏమండీ అని. నేను కుళాయి దగ్గర ఉన్నాను. లేవబోయాను. అంతలో పాకలో చిత్రిక ఆగింది. నాన్న విన్నాడు, వెళ్తున్నాడు అనుకుని మళ్ళీ కూర్చున్నాను."

అవతల ఓదార్పమ్మ గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడైంది.

"మళ్ళీ చిత్రిక మొదలైంది. చూసి వచ్చేశాడనుకున్నాను. అంత తొందరగా ఎలా వస్తాడు? అప్పుడు నాకది తోచలేదు. గిన్నెలన్నీ తోమేశాను. బోర్లించాను. అప్పుడు వెళ్ళాను."

"ఈ మాట నాన్నతో అన్నావా?"

"అనను. వినపడలేదని అందరికీ చెప్పుకున్నాడు. నువ్వు విన్నావు నాన్నా అంటే ఆయన ఎలా బతుకుతాడు? నాకూ వినపడలేదనే ఆయన్ని అనుకోనివ్వండి."

అది చెప్పింది నిజం. ఆ రోజు చిత్రిక ఆగింది. ఏమండీ అన్న పిలుపు విన్నాను. అది ఆ రోజుకి పదో పిలుపు. దిండు సర్దమని, కిటికీ తియ్యమని, వెయ్యమని, మళ్ళీ తియ్యమని. ఇంకో రెండు పట్లు పట్టి వెళదాం అనుకున్నాను. ఆ రెండు పట్లు తలుపంతా అయ్యాయి.

గోడ ఇవతల నా చేతికి అందేంత దూరంలో సుత్తి ఉంది. ఒక్కసారి చట్రం మీద కొడితే చాలు, అవతల మాట ఆగేది. కొట్టలేదు. బడి గంట మోగేదాకా కదలకుండా కూర్చున్నాను.

ఆ సాయంత్రం నాకు సిగ్గు రావాలి. కోపం వచ్చింది. పరాయి మనిషి ముందు నన్ను దోషిని చేసిందని. అందులోనూ నా మీద జాలిపడిందని. అమ్మాయి కంచం పెట్టింది. కూరలో ఉప్పు లేదు.

"గిన్నెలు తోముకుంటూ నా చిత్రిక ఎప్పుడాగిందో చెవులొగ్గి వినడం వచ్చు గానీ, కూరలో ఉప్పు వేశావో లేదో చూసుకోవడం రాదా?" అన్నాను.

దాని చేతిలో గరిటె ఉంది. దాన్ని గిన్నెలో పెట్టలేదు, కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. కూర బొట్లు బొట్లుగా నేల మీద పడింది.

"ఆవిడ చెప్పిందా?" అని అడిగింది.

కాదు అనడానికి ఒక్క మాట చాలు. పేటలో ఏదీ దాగదు అన్నాను. అది అబద్ధం కాదు. అబద్ధం కన్నా నీచం.

ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఓదార్పమ్మ గదికి వెళ్ళలేదు. తన పక్కన కూర్చునే పిల్లతో మాత్రం, అక్కడ ఏం చెప్పకు, ఇంటికి చేరిపోతుంది అందట. ఆ పిల్ల వదిన కూతురు. వదిన కొట్లో రొట్టెతో పాటు కబురూ పొట్లం కట్టి ఇస్తుంది. వారం తిరిగేసరికి ఓదార్పమ్మ గది తలుపు కొట్టే పిల్ల లేదు. నేను సామాన్ల గదిలో బల్లలు బిగిస్తూనే ఉన్నాను. అవతల ఆవిడ ఒక్కతే దగ్గడం వినపడేది.

సంఘం కూడింది. అయిదో తరగతి గదిలో, మోకాళ్ళు పట్టని చిన్న బల్లల్లో ఇరుక్కుని కూర్చున్నాం. వదిన లేచి, నమ్మి పిల్లల్ని పంపితే ఇంటి గుట్టు బయట పడుతోంది, ఇందుకా మేం కష్టపడి ఇస్తున్నది అంది. ఆవిడ కోపం దొంగ కోపం కాదు. తన కూతురు కూడా ఆ గదికి వెళ్ళి ఏడ్చి వచ్చిన పిల్లేనని నాకు తెలుసు. గోడ చెప్పింది.

పెద్ద టీచరు ఓదార్పమ్మని అడిగింది. నేను ఎవరికీ చెప్పలేదు అంది ఆవిడ. మరెలా తెలిసింది అంటే, అది నేను చెప్పలేను అంది. ఆ మాటతో గది గుసగుసలాడింది. సెలూన్ బావ ఆవిడని కాయడానికి చూశాడు. మా కొట్లో ఓ గంట కూర్చుంటే ఎవరింట్లో ఏ కూర అడుగంటిందో తెలుస్తుంది, ఈవిడే చెప్పిందని ఏముంది అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పెద్ద టీచరు నా వైపు తిరిగింది.

"మేస్త్రీ, ఇది మీ ఇంటి సంగతి. మీకెవరు చెప్పారు?"

ఓదార్పమ్మ నన్ను చూడలేదు. తన చేతుల్ని చూసుకుంటోంది. నర్సు చేతులు, గోళ్ళు కత్తిరించి, పొడిబారి. ఆవిడ నన్ను ఒక్కసారి చూసి ఉంటే నిజం చెప్పేవాణ్ణని చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకోవడమూ తప్పు నా మీదికి రాకుండా తప్పించుకోవడానికే.

"జరిగిందేదో జరిగింది. ఎవరు చెప్పారన్నది ఇప్పుడెందుకులెండి" అన్నాను.

వదిన నా వైపు చూసి తలాడించింది. నష్టపోయినవాడై ఉండి కూడా ఒకరి మీద వేలెత్తి చూపలేదు, మేస్త్రీది పెద్ద మనసు అని పక్కవాళ్ళతో అంది. ఆ మాట విన్నాను. విని కూర్చున్నాను.

ఆవిడ వద్దనేవాళ్ళు చేతులెత్తమన్నారు. సంఘంలో ఏడుగురం. వదినతో కలిపి మూడు చేతులు లేచాయి. సెలూన్ బావా, ఇంకో ఇద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అందరూ నాకోసం ఆగారు. ఎత్తకపోతే ఎందుకు ఎత్తలేదని అడుగుతారు.

నాలుగో చెయ్యి నాది.

శనివారం నేను సామాన్ల గదిలో చివరి బల్ల బిగిస్తున్నాను. బయట తల్లిదండ్రులు బళ్ళు కడుగుతున్న చప్పుడు. ఇక ఎవరికోసం కడుగుతున్నారో వాళ్ళకే తెలియదు, శనివారం కాబట్టి కడుగుతున్నారు. పెరటి తలుపు తోసుకుని ఓదార్పమ్మ వచ్చింది. గోడకి ఇటువైపు ఆవిణ్ణి చూడడం అదే మొదలు. మోకాళ్ళు పట్టుకుని నా ముక్కాలి పీట మీద కూర్చుంది.

"పీట ఇక్కడెందుకుంది మేస్త్రీ? బల్లలన్నీ ఆ మూలున్నాయి కదా."

వెలుతురు కోసం అన్నాను.

"కిటికీ కూడా ఆ మూలే ఉంది" అంది.

సమావేశం రోజు పొద్దున్నే వచ్చి చూశానని చెప్పింది. చట్రం వెనక పలక లేదు, గోడ పక్కన పీట ఉంది, పీట చుట్టూ పొట్టు లేదు. పని చేసిన చోటైతే పొట్టుండాలి. ఇదంతా నింద వేస్తున్నట్టు కాదు, జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

సంఘంలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే గోడ వెనక కూర్చున్నది వాళ్ళ నాన్నని ఆ పిల్లకి తెలుస్తుంది. నా మీద నమ్మకం పోతే పోయింది, నేను వెళ్ళిపోయే మనిషిని. మీరెక్కడికి పోతారు?"

ఆవిడ లేచింది. లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. పట్టుకుంది. గది తాళంచెవి పీట మీద పెట్టి, రెండో పలక వెయ్యండి, నా తర్వాత ఎవరో ఒకరు వస్తారు అంది. గుమ్మం దగ్గర ఆగి, మిగతాది నేను చెప్పేది కాదు, మీరు చెప్పుకోవాల్సింది అని వెళ్ళిపోయింది.

చెప్పుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది నాకు. ఆ తొమ్మిది రోజులూ కూరలో ఉప్పు సరిగ్గా ఉంది. కూనిరాగం లేదు. దువ్వెన మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది.

పదో రోజు అమ్మాయి కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. నేను పాకలో చిత్రిక పడుతున్నాను. చిత్రిక ఆపాను. ఆపగానే అక్కడ గిన్నెల చప్పుడూ ఆగింది. ఇన్ని నెలలుగా నేను చిత్రిక ఆపినప్పుడల్లా ఆ చప్పుడు ఆగుతూ ఉండేదేమో. నేను ఎప్పుడూ గమనించలేదు.

ఈసారి చిత్రిక కింద పెట్టి నడిచి వెళ్ళాను.

నిలబడే చెప్పాను. మీ అమ్మ పిలిచింది, నేను విన్నాను, వెళ్ళలేదు. నువ్వు లేవబోయి ఆగిపోవడానికి కారణం నేను. నీకూ వినపడలేదని అందరి ముందూ అన్నది నా మీదికి రాకుండా ఉండడానికి. నువ్వు ఓదార్పమ్మతో చెప్పింది గోడ వెనక కూర్చుని విన్నాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇంతే. క్షమించమని అడగలేదు. నేనైతే క్షమించను.

అమ్మాయి తల ఎత్తలేదు. చేతిలో గిన్నె ఉంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"ఆవిణ్ణి పంపించడానికి నువ్వు చెయ్యెత్తావా?"

"ఎత్తాను."

గిన్నె కడిగింది. బోర్లించింది.

"అయితే నాకెందుకు చెబుతున్నావు? వాళ్ళకి చెప్పు."

సంఘాన్ని పిలవమని పెద్ద టీచరుకి నేనే చెప్పాను. అవే చిన్న బల్లలు. నిలబడి చెప్పి, కూర్చోకుండా ఉండిపోయాను. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన కూతురి మాట కూడా విన్నానా అని అడగలేదు. నా మొహం చూసి తెలుసుకుంది. సెలూన్ బావ దగ్గర మొదటిసారి ఒక్క హాస్యమూ లేకపోయింది. ఆ తర్వాత నేను గడ్డం గీయించుకోవడానికి వెళితే మేస్త్రీగారూ అంటాడు. పేట మొత్తంలో అతనికి బావ కానివాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను సంఘం నుంచి తీసెయ్యాలన్నారు. చేతులెత్తమనక ముందే నా చెయ్యి ఎత్తాను.

పెద్ద టీచరు ఓదార్పమ్మని వెనక్కి పిలవడానికి స్వయంగా వెళ్ళింది. ఆవిడ అప్పటికే వేరే ఊళ్ళో ఆసుపత్రిలో చేరింది, రానంది. నా మీద కోపంతో కాదట. అక్కడ మాటిచ్చానంది. ఆవిడ బదులు ఎవరినైనా పంపమని మందిరాన్ని అడిగితే, ముందు గోడ సంగతి చూడండి అన్నారు. వదిన శుక్రవారం బేరం ఇవ్వడం మానలేదు. అది చెప్పాలి.

వానలు వెనకపట్టు పట్టాక పలకలు కొనుక్కొచ్చాను. సందులో కూరడానికి దూది కావాలి. దూదికి ఎవరిని అడగాలా అని పాకలో నిలబడి ఆలోచిస్తుంటే, అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. ఆ తొమ్మిది రోజుల్లో లాగే మాట్లాడడం తక్కువ. అటక వైపు చూసి, అమ్మ పరుపుంది కదా అంది. దాన్ని పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు, పరవడానికీ రాలేదు. చుట్ట చుట్టి అటక మీద పడేశాను. నిచ్చెన వేసుకుని తనే ఎక్కి కిందికి లాగింది.

ఇద్దరం చెరో వైపు కూర్చుని కుట్లు విప్పాం. దూది ఉండలు కట్టి ఉంది. మందుల వాసన ఇంకా పోలేదు. ఉండలు విడదీసి రెండు బస్తాల్లో నింపాం. ఆ పూటంతా మా మధ్య నడిచిన మాట ఒక్కటే, కత్తెర ఇలా ఇయ్యి అని.

ఆదివారం అమ్మాయీ నాతో వచ్చింది, బళ్ళో ఇంకెవరూ లేరు. పెద్ద టీచరు తాళం తీసి ఇచ్చింది. చట్రంలో పైనుంచి కిందిదాకా దూది కూరాను. రెండో పలకలు కొట్టాను. ఎవరూ చూడని వైపు కదా, అయినా చిత్రిక పట్టాను. పీట తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టాను. పరీక్ష చేసి చూడాలి మేస్త్రీ అంది పెద్ద టీచరు. ఎవరి గొంతుతో పరీక్షించాలో ముగ్గురికీ తెలుసు.

అమ్మాయి చెప్పులు గుమ్మం దగ్గర వదిలి ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడు అని చెప్పి పంపాను. నేను వెనక గదిలోకి వెళ్ళి చెవి పలకకి ఆనించాను. కొత్త చెక్క చల్లగా ఉంది. నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక మాట చెప్పి వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. చెవి అటు మార్చి ఇటు మార్చి ఆనించాను. పైన రేకుల మీద పిట్ట నడవడం వినపడింది. గోడ అవతల నుంచి మాత్రం ఒక్క అక్షరం రాలేదు.

చాలాసేపటికి అవతల తలుపు తీసిన అదురు పలక మీద చేతికి తెలిసింది. చుట్టూ తిరిగి ముందుకు వచ్చాను. అమ్మాయి గుమ్మంలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నావు?" అన్నాను. అడక్కూడదని నోరు దాటాక తెలిసింది.

"వినపడలేదుగా?"

"లేదు."

"అయితే గోడ బాగుంది" అని చెప్పులు వేసుకుంది.